వేరుశనగ పెట్టడం మొదలుపెట్టాక మధ్యలో మానకండి

ఆరోగ్య పాఠం – పిల్లల విభాగం



మొన్న పిల్లల ఓపీకి ఒక అమ్మమ్మగారు వచ్చారు. జబ్బు ఆమెకు కాదు, వెంట బిడ్డ కూడా లేడు. ఆమె కూతురు లండన్‌లో ఉంటుంది. కూతురికి ఎనిమిది నెలల బాబు. ఆ బాబుకు బుగ్గల మీద, మోచేతి మడతల్లో చర్మం ఎర్రబడి, పొడిబారి, దురద పెడుతుంది. దీన్నే ఎగ్జిమా అంటారు. అక్కడి డాక్టరు పరీక్ష చేయించి, వేరుశనగ వెన్న వారానికి మూడుసార్లు పెట్టమన్నారట, మానొద్దని కూడా చెప్పారట.

"డాక్టరమ్మా, అసలే ఒంటినిండా దురదతో ఉన్న పసివాడికి శనక్కాయలు పెడతారా ఎవరైనా? నేనే మా అమ్మాయిని కోప్పడి మాన్పించాను. రెండు వారాలైంది. మంచిపని చేసినట్టే కదా?" అని ఆమె అడిగారు.

ఆమె ప్రేమను మేము తప్పు పట్టలేదు. ఆమె చెప్పిన మాటే ఒకప్పుడు డాక్టర్లు కూడా చెప్పారు. కానీ ఆ సలహా ఇప్పుడు మారింది. ఎందుకు మారిందో, మన ఇళ్ళలో ఏమి చేయాలో ఈ నెల పాఠంలో తెలుసుకుందాం. మన సంఘాల్లో చాలా కుటుంబాలకు అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో మనుమలు, మనుమరాళ్ళు ఉన్నారు. ఇక్కడి పిల్లలకైనా, అక్కడి పిల్లలకైనా ఈ విషయం పనికి వస్తుంది.

ఆహార ఎలర్జీ అంటే ఏమిటి?

మన శరీరంలో రోగనిరోధక శక్తి కాపలాదారు వంటిది. ఆసుపత్రి గేటు దగ్గర ఉండే వాచ్‌మన్‌ను చూడండి. రోజూ పాలు తెచ్చే మనిషిని ఆపడు. ఎప్పుడూ చూడని మనిషి గోడ దూకి లోపలికి వస్తే మాత్రం కేకలు వేసి అందర్నీ లేపుతాడు. ఎలర్జీ కూడా అలాంటిదే. హాని చేయని ఆహారాన్ని శరీరం శత్రువుగా పొరబడి దాని మీద యుద్ధానికి దిగుతుంది. అప్పుడు దద్దుర్లు, వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. ఒక్కొక్కసారి ప్రాణాపాయం కూడా కలుగుతుంది.

ఇందులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పసితనంలో నోటి ద్వారా, కడుపులోకి వెళ్ళిన ఆహారాన్ని శరీరం సాధారణంగా "ఇది మనదే" అని నేర్చుకుంటుంది. అదే ఆహారం నోటికి రాకముందే, పగిలి, పుండ్లు పడిన చర్మం గుండా లోపలికి వెళితే శరీరం దాన్ని శత్రువుగా నేర్చుకునే అవకాశం ఎక్కువ. ఇంట్లో పెద్దలు వేరుశనగ తింటూ ఉంటే ఆ పొడి చేతుల మీద, పరుపు మీద, నేల మీద ఉంటుంది. ఎగ్జిమా ఉన్న బిడ్డ చర్మానికి అది తగులుతూనే ఉంటుంది, నోటికి మాత్రం అందదు. అంటే గోడ దూకి వచ్చే దారి తెరిచి, గేటు మూసినట్టు అవుతుంది. అందుకే ఎగ్జిమా ఎక్కువగా ఉన్న పిల్లలకు ఆహార ఎలర్జీ ప్రమాదం ఎక్కువ.

సలహా ఎందుకు మారింది?

1998లో ఇంగ్లండు ప్రభుత్వం ఒక సలహా ఇచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఎలర్జీలు ఉంటే పిల్లలకు మూడేళ్ళు నిండేదాకా వేరుశనగ పెట్టవద్దు అన్నది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ప్రమాదం ఎక్కువగా ఉన్న పిల్లల విషయంలో అదే చెప్పింది. తల్లులు నమ్మి పాటించారు. కానీ ఆ దేశాల్లో వేరుశనగ ఎలర్జీ తగ్గలేదు, పెరిగింది. 2008లో అమెరికాలో, 2009లో ఇంగ్లండులో ఆ పాత సలహాను వెనక్కు తీసుకున్నారు.

2008లోనే మరో సంగతి బయటపడింది. ఇంగ్లండులో ఉన్న యూదుల పిల్లలను, ఇశ్రాయేలు దేశంలో ఉన్న యూదుల పిల్లలను పోల్చి చూశారు. ఇంగ్లండు పిల్లల్లో 1.85 శాతం మందికి వేరుశనగ ఎలర్జీ ఉంటే, ఇశ్రాయేలు పిల్లల్లో 0.17 శాతం మందికే ఉంది. అంటే సుమారు పదింతల తేడా. జాతి ఒకటే. తేడా ఎక్కడుంది? ఇశ్రాయేలులో "బాంబా" అనే వేరుశనగ చిరుతిండి ఉంది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. అక్కడి తల్లులు ఏడాది లోపు పిల్లలకే దాన్ని పెడతారు. ఇంగ్లండులో ఆ వయసు పిల్లలకు వేరుశనగ దాదాపు పెట్టేవారు కాదు.

640 మంది పిల్లలతో చేసిన పరీక్ష

ఇది నిజమేనా అని తేల్చడానికి లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన డాక్టర్ గిడియన్ లాక్ బృందం పెద్ద పరిశోధన చేసింది. తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు ఎలర్జీ గాని, రెండూ గాని ఉన్న 640 మంది పసిపిల్లలను తీసుకున్నారు. వారి వయసు 4 నుంచి 11 నెలలు. ముందుగా చర్మ పరీక్ష చేసి, అప్పటికే వేరుశనగకు బలంగా స్పందించిన పిల్లలను చేర్చుకోలేదు. మిగిలినవారిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు అయిదేళ్ళు వచ్చేదాకా వేరుశనగ ముట్టలేదు. రెండో గుంపు వారానికి కనీసం మూడుసార్లు తింటూ వచ్చింది.

2015లో ఫలితాలు వచ్చాయి. అయిదేళ్ళ వయసులో, వేరుశనగ మానిన గుంపులో 100 మందికి 17 మందికి ఎలర్జీ వచ్చింది. తిన్న గుంపులో 100 మందికి 3 మందికే వచ్చింది.

ఆ పిల్లలను తర్వాత కూడా గమనించారు. అయిదేళ్ళ తర్వాత ఒక సంవత్సరంపాటు రెండు గుంపులనూ వేరుశనగ మానమన్నారు. చిన్నప్పుడు క్రమంగా తిన్నవారిలో ఎక్కువమందికి ఆ రక్షణ చెక్కుచెదరలేదని 2016లో ప్రకటించారు. ఆ పైన ఎవరి ఇష్టం వారిదని వదిలేశారు. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో మళ్ళీ పరీక్షిస్తే చిన్నప్పుడు మానినవారిలో 15.4 శాతం మందికి, తిన్నవారిలో 4.4 శాతం మందికి ఎలర్జీ ఉంది. ఈ సంగతి 2024లో వెలువడింది.

అయిదేళ్ళు వారం వారం పెట్టిన ఆ కొద్ది తిండి, పిల్లలు పెద్దయ్యేదాకా కాపాడింది.

ఒక్కసారి పెట్టి ఊరుకుంటే చాలదు

తల్లులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. చాలామంది ఒకసారి గాని రెండుసార్లు గాని పెట్టి చూస్తారు. బిడ్డకు ఏమీ కాదు. "సరే, పడింది" అనుకుని ఆ సంగతి మరచిపోతారు. తర్వాత నాలుగైదు నెలలు వేరుశనగ ఊసే ఉండదు.

శరీరం ఒక ఆహారాన్ని "మనదే" అని నేర్చుకోవడం ఒక్కనాటి పని కాదు. పసిపిల్లవాడు మనిషిని గుర్తుపట్టడం లాంటిదే ఇది. తాతగారు ఒకసారి వచ్చి ఎత్తుకుని వెళ్ళిపోతే, ఆరు నెలల తర్వాత ఆయన్ని చూసి బిడ్డ ఏడుస్తాడు. వారం వారం వస్తే చేతులు చాస్తాడు. పైన చెప్పిన పరిశోధనలో పిల్లలను కాపాడింది మొదటి ముద్ద ఒక్కటే కాదు, ఆ తర్వాత మానకుండా పెట్టిన ముద్దలు. కెనడా పిల్లల వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన సూచనలో కూడా, ఒకసారి మొదలుపెట్టిన ఆహారాన్ని వారానికి కొన్నిసార్లు పెడుతూనే ఉండాలని స్పష్టంగా చెప్పింది.

ఎలర్జీ ఉండి తగ్గినవారికీ ఇదే మాట వర్తిస్తుంది. వేరుశనగ ఎలర్జీ ఉన్న పిల్లల్లో సుమారు అయిదుగురిలో ఒకరికి పెద్దయ్యేసరికి అది తగ్గిపోతుంది. అలా తగ్గినవారిని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు గమనించి 2004లో ఒక వ్యాసం ప్రచురించారు. తగ్గిన తర్వాత కూడా భయంతో వేరుశనగను అరుదుగా మాత్రమే తిన్న కొద్దిమందికి ఎలర్జీ తిరిగి వచ్చింది. తరచుగా తిన్నవారికి అలా జరగలేదు. కాబట్టి ఆసుపత్రిలో డాక్టరు ఎదుట తినిపించి "ఇక ఎలర్జీ లేదు" అని తేల్చిన పిల్లలకు ఇంట్లో ఆ ఆహారం క్రమంగా పెట్టాలి.

ఎంత పెట్టాలి?

పరిశోధనలో తిన్న పిల్లలకు వారానికి కనీసం 6 గ్రాముల వేరుశనగ మాంసకృత్తు అందింది. దాన్ని మూడు పూటలుగా పంచుకుంటే పూటకు 2 గ్రాములు. మన లెక్కలో అది సుమారు 8 గ్రాముల వేరుశనగ, అంటే దాదాపు పది గింజలు. మెత్తగా పొడి చేస్తే రెండున్నర టీస్పూన్లు. వేరుశనగ వెన్న అయితే రెండు టీస్పూన్లు. ఇంతే. డబ్బున్నవారికే చెల్లే వైద్యం కాదు ఇది.

మన వంటింట్లో ఎలా పెట్టాలి?

కొందరు వేరుశనగ అంటారు, కొందరు పల్లీలు అంటారు, రాయలసీమలో బుడ్డలు అంటారు. పేరు ఏదైనా మన ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. దాన్ని పసిపిల్లలకు పెట్టే పద్ధతి మాత్రం వేరు.

1. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వండి. ఆ తర్వాత ముందుగా జావ, మెత్తని అన్నం, పప్పుకట్టు వంటివి అలవాటు చేయండి. అవి బాగా తింటున్నప్పుడు వేరుశనగ మొదలుపెట్టండి. ఏడాది దాటేదాకా ఆగనక్కరలేదు.

2. గింజలను ఏరి దోరగా వేయించి, పొట్టు తీసి, పలుకు లేకుండా మెత్తగా పొడి చేయండి. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడతలు పడినవి, చేదుగా ఉన్నవి పారవేయండి. బూజులో ఉండే విషం వేయించినా పూర్తిగా పోదు.

3. ఆ పొడిని రాగి జావలో గాని, మెత్తని అన్నంలో గాని, పెరుగులో గాని, అరటిపండు గుజ్జులో గాని పలచగా కలపండి. ఏడాది లోపు పిల్లలకు ఉప్పు, బెల్లం, తేనె కలపవద్దు. పెద్దల కోసం చేసిన చట్నీలో కారం, ఉప్పు, చింతపండు ఉంటాయి. బిడ్డకు విడిగా తీసి పెట్టండి.

4. మొదటిసారి బిడ్డ ఆరోగ్యంగా ఉన్న రోజున, పగటిపూట పెట్టండి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున వద్దు. ముందు చెంచా కొసన కొంచెం తినిపించి పది నిమిషాలు ఆగండి. ఏమీ లేకపోతే మిగిలినది నెమ్మదిగా పెట్టండి. తర్వాత రెండు గంటలు బిడ్డను ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి.

5. పడిన తర్వాత వారానికి మూడు రోజులు గుర్తుపెట్టుకోండి. ఆదివారం, బుధవారం, శుక్రవారం అని గోడ మీద క్యాలెండరులో గుర్తు వేసుకుంటే మరచిపోరు.

హెచ్చరిక: అయిదేళ్ళలోపు పిల్లలకు గింజలు గింజలుగా ఎన్నడూ పెట్టకండి. పల్లీ గింజ ఊపిరి గొట్టంలో ఇరుక్కుని ఆసుపత్రికి వచ్చే పిల్లలు మన దేశంలో చాలామంది ఉన్నారు. పొడి ఉత్తదిగా నోట్లో పోయకండి. గట్టి వేరుశనగ వెన్నను ముద్దగా పెట్టకండి, అది గొంతులో అంటుకుంటుంది. వేడినీళ్ళతో పలచన చేసి, చల్లార్చి పెట్టండి.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

అందరు పిల్లలకూ పరీక్షలు అవసరం లేదు. కానీ ఈ కింది పిల్లలకు ఇంట్లో మొదలుపెట్టకముందే డాక్టరుకు చూపించండి.

– చర్మమంతా తీవ్రమైన ఎగ్జిమా ఉండి, ఎంత మందు రాసినా తగ్గని పిల్లలు.
– గుడ్డు తిన్నప్పుడు దద్దుర్లు, వాపు, వాంతులు వచ్చిన పిల్లలు.
– వేరుశనగ గాని, జీడిపప్పు గాని తిన్న వెంటనే ఎప్పుడైనా ఇబ్బంది పడిన పిల్లలు.
– క్రమంగా తింటూ ఏదో కారణం వల్ల చాలా వారాలు మానిన, ఎగ్జిమా ఉన్న పిల్లలు.

ఎలర్జీ ఉందని తేలిన బిడ్డకు "అలవాటు చేద్దాం" అని ఇంట్లో ఎన్నడూ పెట్టకండి. అలా కొంచెం కొంచెంగా పెంచుతూ ఇచ్చే వైద్యం ఉంది. అది ఎలర్జీ నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే జరగాలి. ఆ వైద్యంలోనూ రోజూ ఇచ్చే మోతాదు మానేస్తే వచ్చిన రక్షణ పోవచ్చు. ఈ పాఠంలో చెప్పినది ఎలర్జీ రాకుండా చూసుకోవడం గురించి. వచ్చిన ఎలర్జీకి ఇది మందు కాదు.

ప్రమాద సూచనలు

ఎలర్జీ లక్షణాలు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు కనిపిస్తాయి. మూతి చుట్టూ నాలుగు దద్దుర్లు మాత్రమే వస్తే ఆ ఆహారం ఆపి, అదే రోజు డాక్టరుకు చూపించండి. పెదవులు, నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం, పిల్లికూతలు వచ్చినా, వాంతులు ఆగకపోయినా, బిడ్డ పాలిపోయి వాలిపోయినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకండి. 108కి ఫోన్ చేసి దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బిడ్డను పడుకోబెట్టి ఉంచండి. ఊపిరి ఆడక అవస్థ పడుతుంటే కూర్చోబెట్టండి. నడిపించకండి.

ఇలాంటప్పుడు ప్రాణం నిలిపే మందు ఎడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ కండలో ఇస్తారు. దురద తగ్గించే సిరప్ దానికి బదులు కాదు. సిరప్ పోసి ఇంట్లో ఎదురుచూడటం ప్రమాదం.

మీరు అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో వంట అంతా వేరుశనగ నూనెతోనే. అది చాలదా?
చాలదు. శరీరం గుర్తుపట్టవలసింది వేరుశనగలోని మాంసకృత్తును. శుద్ధి చేసిన నూనెలో అది దాదాపు ఉండదు.

ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఆ నూనెతో మర్దన చేయవచ్చా?
వద్దు. ముఖ్యంగా గానుగ నూనె వద్దు. అందులో కొద్దిగా మాంసకృత్తు మిగిలి ఉంటుంది, పగిలిన చర్మం గుండా లోపలికి వెళుతుంది. వేరుశనగ నూనె కలిసిన లేపనాలు రాసిన పిల్లల్లో ఎలర్జీ ఎక్కువగా ఉన్నట్లు 2003లోనే ఇంగ్లండులో గమనించారు. డాక్టరు చెప్పిన క్రీమునే రాయండి.

వేరుశనగ పడితే జీడిపప్పు, బాదం కూడా పడినట్టేనా?
కాదు. ఇవి వేరు వేరు. వేరుశనగ నిజానికి కంది, పెసర వంటి పప్పుజాతిది. జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోటు చెట్లకు కాసేవి. యాకోబు తన కుమారులతో ఐగుప్తుకు పంపిన కానుకలలో పిస్తా, బాదం ఉన్నాయని ఆదికాండము 43వ అధ్యాయంలో చదువుతాం. వీటి విషయంలో వేరుశనగకు జరిగినంత పెద్ద పరిశోధనలు లేవు. అయినా మీ ఇంట్లో తినే పప్పులను ఒక్కొక్కటిగా, వేరు వేరు రోజుల్లో, మెత్తని పొడిగా మొదలుపెట్టి, పడినవాటిని మానకుండా పెట్టడం మంచిది. ఇంట్లో ఎవరూ తినని ఖరీదైన పప్పులను దీనికోసం కొనవలసిన పని లేదు.

జ్వరం వచ్చి వారం రోజులు మానేశాం. ఏమైనా అవుతుందా?
భయం లేదు. బిడ్డ కోలుకున్నాక కొంచెంతో మొదలుపెట్టి మళ్ళీ మామూలుగా పెట్టండి.

ఎన్నాళ్ళు ఇలా లెక్కపెట్టి పెట్టాలి?
అయిదేళ్ళ వరకు శ్రద్ధగా పెట్టండి. ఆ తర్వాత ఇంట్లో అందరూ తిన్నట్టు తింటే చాలు.

విదేశాల్లోని మన పిల్లలకే ఇది ఎక్కువా?
ఆస్ట్రేలియాలో జరిపిన పరిశోధనల్లో, ఆసియా దేశాల నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు అక్కడ పుట్టిన పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ ఎక్కువగా కనిపించింది. అందుకే విదేశాల్లో ఉన్న మీ పిల్లలకు అక్కడి డాక్టరు ఇచ్చిన సలహాను ఇక్కడి నుంచి ఫోనులో మార్చకండి. అమెరికాలో కొత్త సలహా అమలులోకి వచ్చాక చిన్నపిల్లల్లో వేరుశనగ ఎలర్జీ కేసులు 40 శాతానికి పైగా తగ్గినట్లు 2025లో అక్కడి పిల్లల డాక్టర్లు ప్రకటించారు.

ముగింపు

ఆ అమ్మమ్మగారికి మేము చెప్పింది ఇదే: "అమ్మా, మాన్పించడం మంచిది కాదు. ఈ రోజే అమ్మాయికి ఫోన్ చేయండి. అక్కడి డాక్టరుతో రెండు వారాలు మానిన సంగతి చెప్పి, ఆయన చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టమనండి." ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను మాన్పించానని డాక్టరుతో చెప్పమంటాను. తప్పు పిల్లది కాదు కదా" అన్నారు. మా పాత సలహాలను మార్చుకున్నప్పుడు మేమూ ఇంత నిజాయితీగా ఒప్పుకోవాలని ఆ పూట అనుకున్నాం.

గుర్తుంచుకోవలసిన మాటలు: ఆరు నెలలు నిండాక మొదలుపెట్టండి. మెత్తగా పెట్టండి, గింజలుగా పెట్టకండి. వారానికి మూడుసార్లు పెట్టండి. పడినదాన్ని కారణం లేకుండా మానకండి. అనుమానం ఉంటే ముందే అడగండి.

స్త్రీల సమాజంలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇళ్ళలో పసిపిల్లలకు ఏ ఏ ఆహారాలను భయంతో మాన్పిస్తున్నాం? ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది?
2. మన సంఘంలో ఎగ్జిమా ఉన్న పసిబిడ్డలు ఎవరైనా ఉన్నారా? ఆ తల్లికి ఈ పాఠం ఎవరు చదివి వినిపిస్తారు?
3. ఏడాది లోపు బిడ్డకు వేరుశనగ పొడి కలిపిన జావ ఎలా చేయాలో, తెలిసినవారు ఒకరు చేసి చూపించండి.

బిడ్డలు దేవుడు మన చేతికి అప్పగించినవారు. వారికి ఏమి పెట్టాలో తెలుసుకుని పెట్టడం కూడా ఆయన ఇచ్చిన పనే. సందేహాలుంటే పిల్లల ఓపీలో ఏ నర్సమ్మనైనా అడగండి. ఆ మాత్రం ప్రశ్నకు చీటీ రాయించుకోనక్కరలేదు.